ఆమెకు నీళ్లంటే భయం లేదు

నా భార్యకు నీళ్లంటే భయమని మా చుట్టాలందరికీ తెలుసు. ఆ మాట పుట్టించింది నేను. ఆమె పోయి ఎనిమిది నెలలైంది. ఇప్పుడైనా ఉన్నది ఉన్నట్టు రాయాలి.

అప్పటికి నేను కరీంనగర్‌లో ఒక ఆఫీసులో గుమస్తాగా కొత్తగా చేరాను. ఆమె బీడీలు చుట్టేది. నాకు ఉద్యోగం రాకముందు మా ఇల్లు నడిచింది ఆమె ఒడిలోని చాట మీదే. దసరా పోయాక ఒక ఆదివారం ఆఫీసువాళ్లం కుటుంబాలతో వ్యాను మాట్లాడుకుని కడెం బయల్దేరాం. సముద్రం మాకు దూరం. గుట్టల నడుమ అన్ని నీళ్లు మేం చూడగలిగింది అక్కడే. ఆమె ఎన్నడూ పడవ ఎక్కలేదు. వారం ముందు నుంచీ అడుగుతోంది: "గుట్టల దాక పోతదా పడవ? ఒడ్డు పొంటె తిప్పి తెస్తరా?"

మర్నాడు పొద్దున్నే కంపెనీలో బీడీలు అప్పజెప్పాలి. అందుకని చాట కూడా వ్యానులోకి తెచ్చుకుంది. లక్సెట్టిపేట దాటాక కొంతసేపటికి అడవి మొదలైంది. రోడ్డుకు రెండు వైపులా టేకు చెట్లు, మలుపు మలుపుకూ దగ్గరయ్యే గుట్టలు. ఆమె కిటికీలోంచి వాటినే చూస్తూ చుట్టేది. ఆ వేళ్లకు చూపుతో పనిలేదు. తంబాకు ఘాటుకు ముందు సీట్లో ఎవరో తుమ్మారు.

"వదినా, పడవల గూడ చుడ్తవా ఏంది? చేపలకు తాపుతవా?" అంది మా హెడ్ క్లర్కు భార్య.

"తాగనియ్యి వదినా. కంపెనీల జమేదారు లెక్క గవి బాగ లేవని బీడీలు ఏరి పారెయ్యయి గద!"

వ్యానంతా నవ్వింది. అందరికంటే ఎక్కువ ఆమే నవ్వింది. నేను తల దించుకున్నాను. ఆ నవ్వులో ఎగతాళి లేదని ఇప్పుడు తెలుసు. అప్పుడూ తెలుసేమో.

కడెంలో అందరూ పడవ ఎక్కుతున్నారు. ఆమె చాట చంకన పెట్టుకుని వ్యాను దిగింది. పక్కకు పిలిచాను.

"ఇజ్జత్ తీస్తున్నవ్. నువ్వు ఈడనే ఉండు."

"చాట బండ్ల పెట్టొస్త. జర ఆగుండ్రి."

"అక్కర లేదన్న."

"అక్కా, జల్ది రా!" పడవవాడు కేకేశాడు.

"దానికి నీళ్లంటే భయం," అన్నాను, అందరికీ వినపడేలా.

ఆమె నన్ను చూసింది. తర్వాత పడవవాడితో, "అవు తమ్మీ, నాకు భయమైతది," అని ఒడ్డున మెట్టు మీద కూర్చుంది.

పడవ గుట్ట అంచు వెంబడి పోయి మలుపు తిరిగింది. ఆ వెనక మూడు వైపులా గుట్టలు. వాటి పచ్చదనమంతా నీళ్లలోకి దిగి ఉంది. ఎండిన మోడు మీద తెల్ల కొంగలు. పడవవాడు ఇంజను ఆపాడు. వెనక్కి చూస్తే ఆమె కూర్చున్న ఒడ్డు కనబడలేదు.

తిరిగొచ్చేసరికి ఆమె పక్కన బీడీ కట్టలు పేర్చి ఉన్నాయి.

"గా గుట్ట ఎనుక ఏమున్నది?" అంది.

"ఏం లేదు. అన్ని నీళ్లే."

మళ్లీ తీసుకుపోవాలని చాలాసార్లు అనుకున్నాను. అనుకోవడమే. నా అబద్ధం మాత్రం ఇంట్లో స్థిరపడింది. పిల్లలు దాన్ని వింటూనే పెరిగారు. ఆమె ఒక్కసారి కూడా కాదనలేదు. చివరి రెండేళ్లు తంబాకు దగ్గుతోనే గడిచాయి.

అస్థికలు కలపడానికి గోదావరికి పోయాం. రేవులో పడవ నడిపే ముసలాయన దగ్గరికొచ్చాడు.

"నడుమ ధార దాక పోదమా బిడ్డా? ఈడ నీళ్లు కదలయి."

నా కూతురు ముంతను పొదువుకుంది. "వద్దు తాతా. మా అవ్వకు నీళ్లంటె భయం. ఒడ్డుకే కలుపుతం. అంతేనా బాపూ?"

ఒక్క మాట చెబితే సరిపోయేది. నేను తల ఊపాను.

మోకాళ్ల లోతులో నిలబడి నా కొడుకు ముంత వంచాడు. బూడిద మెట్లకు ఆనుకుని, ఎవరో వేసిన పూల మధ్య, అక్కడక్కడే తిరిగింది. కూతురు వంగి రెండు చేతులతో నీళ్లు తోసింది. పోలేదు. మళ్లీ తోసింది.