అయ్యగారి పుస్తకాల్లో దారాలు

పుస్తకాలు అప్పగించాల్సిన రోజు నేను చేసిన పని ముందే చెప్పేస్తాను. తర్వాత చెబితే దాచినట్టు ఉంటుంది. మా ఆయన ముప్పై ఏళ్లుగా తన పుస్తకాల్లో పెట్టుకున్న దారాలన్నీ ఒక్క పొద్దున లాగేశాను. పారేయకుండా బిస్కెట్ డబ్బాలో వేశాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

మా ఆయన పాస్టరు. పంజాగుట్టలో టైర్ల దుకాణం పైన, మొదటి అంతస్తులో మా సంఘం కూడుతుంది. వారంలో ఆరు రోజులు ఆయన బేగంపేటలో ఒక ఆఫీసులో అటెండరు. అక్కడ అందరికీ టీలు అందించేవాడు. ఆదివారం మాత్రం అయ్యగారు. మా ఇల్లు అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో. రెండు గదులు. ముందు గదిలో నా కుట్టు మిషను, దాని పక్కనే ఆయన పుస్తకాల అల్మారా. నేను జాకెట్లు కుడతాను. హాస్టలు పిల్లలు వస్తారు, శ్రీనగర్ కాలనీ నుంచి ఆఫీసులకు పోయే ఆడవాళ్లు వస్తారు.

నాకు చదువు రాదు. పేరు రాస్తాను, టేపు మీద అంకెలు చూస్తాను, అంతే. ఇదంతా నేను చెబుతుంటే రాస్తున్నది ఇప్పటి పాస్టరు గారి భార్య. ఆమె చేతిలో నా మాట కాస్త చక్కబడుతుంది. నా గొంతు కాగితం మీద వినిపించదు కాబట్టి చదివేవాళ్లు బతికిపోయారు. సంఘంలో నేను పాట ఎత్తుకుంటే ముందు వరుసవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

ఆ అల్మారాలో ఉన్నవన్నీ ప్రసంగానికి పనికొచ్చే పుస్తకాలే. వాక్యానికి అర్థం చెప్పే వ్యాఖ్యానాలు, ఏ మాట బైబిల్లో ఎక్కడెక్కడ ఉందో చూపించే లావుపాటి పుస్తకం ఒకటి, పటాల పుస్తకం ఒకటి, ఆ కాలంలో ఏ కుండ ఎలా ఉండేదో, ఏ నాణెం ఎంతుండేదో చెప్పేది ఇంకొకటి. సగం తెలుగు, సగం ఇంగ్లీషు. ఇంగ్లీషువి ఆయన ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఏరుకొచ్చేవాడు. అక్కడ పుస్తకాలు పరిచేది ఆదివారమే. పాస్టరుకు ఆదివారం పొద్దున తీరిక ఎక్కడిది? ఆరాధన ముగించుకుని, అందరి చేతులూ పట్టుకుని పలకరించి ఈయన చేరేసరికి మంచివి అయిపోయేవి. అందుకే మా ఇంట్లో ఒక వ్యాఖ్యానానికి మొదటి భాగం లేదు, ఇంకోదానికి అట్ట లేదు.

శనివారం సగం పూట ఆఫీసు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, తిని, మిషను పక్కన చాప వేసుకుని కూర్చునేవాడు. నేను కుడుతూ ఉండేదాన్ని, ఆయన రేపటి ప్రసంగం నాకు చెప్పేవాడు.

"నీకు సమజైందంటే టైర్ల దుకాణం మీద అందరికీ సమజైనట్టే," అనేవాడు.

అంటే నేను తక్కువ తెలివిదాన్ని, నాకు ఎక్కితే ఎవరికైనా ఎక్కుతుంది అని. నేను అలాగే అనుకున్నాను. కోపం కూడా రాలేదు. ఎవరో ఒకరు కొలత చూసుకోవడానికి నిలబడాలి కదా, బట్ట ఒంటి మీద పెట్టి చూసినట్టు. అలా నిలబడ్డాను.

నిలబడ్డానంటే నోరు మూసుకుని కాదు. ఒకసారి బైబిల్లో బావి దగ్గరికి నీళ్లకు వచ్చిన స్త్రీ గురించి చెబుతున్నాడు. మిట్టమధ్యాహ్నం ఎందుకు వచ్చిందంటే, ఊరి ఆడవాళ్లకు మొహం చూపించలేక సిగ్గుతో వచ్చిందని పుస్తకంలో రాశారట.

"సిగ్గు ఏంది? పొద్దున నల్లా కాడ జగడం ఉంటది. మధ్యాహ్నం పోతే జల్ది నిండుతది," అన్నాను.

"పుస్తకంల గట్ల లేదే."

"పుస్తకం రాసినాయన ఎప్పుడన్న నల్లా కాడ బిందె పెట్టిండా?"

ఆయన నవ్వి నవ్వి చాప మీద పడుకున్నాడు. ఆదివారం మాత్రం సిగ్గు అనే చెప్పాడు. నేను కింద కూర్చుని ఆయనను అలాగే చూస్తూ ఉన్నాను. ఆయన ఆ మాట దగ్గర నా వైపు చూడలేదు.

ప్రసంగం కుదిరాక మిషను కింద చెయ్యి పెట్టి ఒక దారం ముక్క తీసుకునేవాడు. ఆ వారం నేను ఏ జాకెట్టు కుట్టి ఉంటే ఆ రంగు. దాన్ని పుస్తకంలో ఆ పేజీలో పెట్టి, కొస బయటికి వేలాడదీసేవాడు. ముప్పై ఏళ్లలో ఆ పుస్తకాలకు గడ్డాలు మొలిచినట్టు అయింది.

ఆయన ప్రభువు దగ్గరికి వెళ్లాక కొత్త పాస్టరు గారు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, బైబిలు కాలేజీలో చదివారు. ఫోనులోనే అన్ని వ్యాఖ్యానాలూ ఉంటాయి. అయినా ఒకరోజు వచ్చి అడిగారు.

"అమ్మగారూ, అయ్యగారి పుస్తకాలు సంఘం గదిలో పెడదామండీ. నేనూ చదువుకుంటాను. మీకు అభ్యంతరం లేకపోతేనేనండి."

నాకు సంతోషమే. అల్మారాలో ఉంటే పురుగు తింటుంది. బుధవారం వచ్చి తీసుకువెళతానన్నారు. ఆ పొద్దున పుస్తకాలన్నీ కిందకి దించి, పొడిగుడ్డతో తుడిచాను. అప్పుడు ఆ దారాలు నా కళ్లకు ఎలా కనబడ్డాయంటే, కుట్టిన జాకెట్టుకు వేలాడే దారాల్లాగా కనబడ్డాయి. కుట్టేవాళ్లకు ఇది చిన్నప్పటి నుంచి నేర్పే పని. కస్టమరు చేతికి ఇచ్చే ముందు లోపలా బయటా తిప్పి చూసి, వేలాడే ప్రతి దారం తీసెయ్యాలి. లేకపోతే పని తెలియని మనిషి కుట్టినట్టు ఉంటుంది. నా చెయ్యి ఆగలేదు. ఒక్కొక్కటీ లాగాను. పుస్తకాలు నున్నగా, కొత్త పెళ్లికొడుకుల్లాగా తయారయ్యాయి. నాకే ముచ్చటేసింది.

పాస్టరు గారు వచ్చారు. ఒకటి తీశారు, ఇంకోటి తీశారు, తిప్పి చూశారు.

"అమ్మగారూ, దారాలు ఏమయ్యాయండీ?"

"తీసేసిన. మంచిగ లేవని."

ఆయన చేతిలో పుస్తకంతోనే చాప మీద కూర్చున్నారు. అప్పుడు చెప్పారు. సంఘంలో పెద్దవాళ్లు ఆయనకు చెప్పారట, అయ్యగారు ఏ ప్రసంగం ఎక్కడి నుంచి తీశారో ఆ దారాలే చెబుతాయి, వాటి వెంబడి వెళితే చాలు అని. ఆయన పుస్తకాల కోసం కాదు, దారాల కోసం వచ్చారు.

మా ఆయన శనివారాలన్నీ నేను చేతులారా డబ్బాలో వేసి మూత పెట్టాను.

"డబ్బా ఉన్నది," అన్నాను. తెచ్చి ఆయన ముందు పెట్టాను. ఎరుపు, పచ్చ, నీలం, పసుపు, అన్నీ ఉండ చుట్టుకుని ఉన్నాయి.

పాస్టరు గారు ఒక ఎర్ర దారం పైకి లాగారు. "రంగులకు అర్థం ఉండి ఉంటుందండీ. ఎరుపు అంటే రక్తం గురించిన ప్రసంగాలా? పచ్చ అంటే నిరీక్షణా?"

నాకు ఆ బాధలో కూడా నవ్వొచ్చింది. "ఎరుపంటే ఎర్ర జాకెట్టు అయ్యగారూ. పచ్చంటే పచ్చ జాకెట్టు."

ఆయన కూడా నవ్వారు. కానీ ఆయన దారం చేతిలో పట్టుకుని ఉండగా నాకు ఒకటి తోచింది. అది మామూలు ఎరుపు కాదు, మెరూన్. ఆ జాకెట్టు నాకు తెలుసు.

"గిది ఒక పెండ్లిపిల్లది. చేతులు బిర్రుగ అయినయని రెండుసార్లు ఇప్పిన. గా శనివారం మా ఆయన బైబిల్ల గా మామ ముచ్చట చెప్పిండు. చెల్లె కోసం ఏడేండ్లు పని చేస్తే అక్కను కట్టబెట్టిన మామ. నేను కుట్టు ఇప్పుకుంట విన్న. గా పిలగాడు మళ్ల ఏడేండ్లు చేసిండంటే, నేను రెండోసారి కుట్లు ఇప్పితే ఏంబోయింది అనుకున్న."

పాస్టరు గారు ఆ కథ ఉన్న వ్యాఖ్యానం తీసి పేజీలు తిప్పారు. ఒకచోట ఆగారు. అంచున పెన్సిలుతో సన్నటి గీత ఉంది. దారం ఒత్తుకున్న గుర్తు కూడా కాగితం మీద సన్నగా ఉంది. మెరూన్ దారం అక్కడ పెట్టి, పుస్తకం మూసి, కొస బయటికి లాగారు.

అలా మొదలైంది. వారానికి రెండు మధ్యాహ్నాలు పాస్టరు గారు, ఆయన భార్య వచ్చేవారు. నేను దారం తీసి జాకెట్టు చెప్పేదాన్ని, జాకెట్టు వెంట ఆ రోజు విన్న ప్రసంగం వచ్చేది. ఆయన వెతికేవారు. ఆమె టీ పెట్టేది, మా ఇంట్లో చక్కెర ఎక్కడుందో నాకంటే ఆమెకే బాగా తెలిసింది. అన్నీ దొరకలేదు. తెల్ల దారాలు, నల్ల దారాలు ఎవరివని చెప్పను? వాటిని పెన్సిలు గీతలున్న పేజీల్లో ఊరికే పెట్టించాను. ఖాళీగా ఉండటం కంటే నయం.

ఒక లేత గులాబీ దారం దగ్గర మాత్రం నేను ఆలోచించలేదు.

"గిది మాసిక ప్రసంగం," అన్నాను.

పాత బట్టకు కొత్త గుడ్డ మాసిక వేస్తే చిరుగు ఇంకా పెద్దదవుతుందని ప్రభువు చెప్పిన మాట. ఆ శనివారం మా ఆయన దాని దగ్గర ఆగిపోయాడు. పాతదంటే ఏమిటి, కొత్తదంటే ఏమిటి, పుస్తకాల్లో బోలెడు రాశారట. "అంత మంచిగనే ఉన్నది. గని కొత్త గుడ్డ పాతదాన్ని ఎట్ల చింపుతది? గదే సమజైతలేదు," అన్నాడు.

"తడపలేదు గద," అన్నాను.

జాకెట్టు లోపలి లైనింగు గుడ్డ నేను ముందురోజే నీళ్లలో నానబెట్టి ఆరేస్తాను. అలా చెయ్యకుండా కుడితే మొదటి ఉతుకులోనే లైనింగు కుంచించుకుపోతుంది, పై బట్టను గుంజుతుంది. పాత బట్ట ఎప్పుడో కుంచించుకుపోయి ఉంటుంది, ఇక తగ్గదు. కొత్తది తగ్గుతుంది. కుట్టు దగ్గర పట్టుకుని లాగుతుంది. పాతదానికి అంత బలం ఎక్కడిది? గులాబీ లైనింగు రెండు ముక్కలు ఒకే కొలతకు కత్తిరించి, ఒకటి నానబెట్టి ఆరేసి చూపించాను. ఆరినది వేలెడు తగ్గింది. ఆయన ఆ రెండు ముక్కలూ జేబులో పెట్టుకుని ఆదివారం పైకెక్కి అందరికీ చూపించాడు.

పాస్టరు గారు ఆ పేజీ తీశారు. చూస్తూ ఉండిపోయారు.

"ఏమున్నది?" అన్నాను.

"అంచున రాశారండి. 'ఇంట్లో అడగాలి' అని. దాని కింద 'అడిగాను' అని."

నాకు వెంటనే ఎక్కలేదు. "ఎవల్ని అడగాలె?"

ఆయన భార్య నా చెయ్యి పట్టుకుంది. "మిమ్మల్నేనమ్మా."

అంతకుముందు పెట్టిన పుస్తకాలు మళ్లీ తెరిచాం. పాస్టరు గారు అదేదో ఇంటి పని గురించి రాసుకున్నారనుకుని వదిలేశారట, చాలా చోట్ల ఉందట. బావి దగ్గరి స్త్రీ పేజీలో కూడా ఉంది. 'ఇంట్లో అడగాలి.' కింద: 'అడిగాను. చెబితే నవ్వుతారు.'

నేను ముప్పై ఏళ్లు కొలతకు నిలబడ్డాననుకున్నాను. ఆయన నన్ను అడుగుతున్నాడని నాకు తెలియదు. ముందే చెప్పి ఉంటే నేను ఇంకా ఎక్కువ మాట్లాడేదాన్ని, అందుకే చెప్పలేదేమో.

ఇప్పుడు పుస్తకాలు సంఘం గదిలో ఉన్నాయి, మళ్లీ గడ్డాలతో. పోయిన శనివారం మధ్యాహ్నం పాస్టరు గారు ఒక వ్యాఖ్యానం చంకలో పెట్టుకుని మా ఇంటికి వచ్చారు. రొట్టెల పిండిలో పులిసిన పిండి కలిపే స్త్రీ గురించి రేపు చెప్పాలట. ఇంత పిండికి అంత కొంచెం పులుపు ఎలా సరిపోతుందో ఫోనులో దొరకలేదట. నేను దోసెల పిండి గురించి చెప్పాను, చలికాలంలో ఎంతసేపు పడుతుందో, నిన్నటి పిండి ఒక గరిటె ఎందుకు దాచుకుంటామో. ఆయన పెన్సిలుతో అంచున ఏదో రాసుకున్నారు. నేను చూడలేదు, చూసినా చదవలేను.

లేచేటప్పుడు పుస్తకం తెరిచి పట్టుకుని, "ఏ రంగు పెట్టమంటారండీ?" అని అడిగారు.

"మిషను కింద ఏదుంటే గది," అన్నాను.