గ్రేస్‌కి నేను పంపిన రిజిస్టర్డ్ పోస్టు

ప్రేమించిన పిల్లకి పూలు పంపినవాళ్లని మీరు చూసే ఉంటారు. ఒకే ఇంట్లో, పక్క గదిలో ఉన్న పిల్లకి తెగతెంపుల నోటీసు పంపిన మహానుభావుణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తున్నారు. నేనే!

సిడ్నీలో చదువుకునే రోజుల్లో నేనూ గ్రేస్ ఎడ్మండ్‌సన్ పార్క్ అనే పేటలో కలిసి ఉండేవాళ్లం. పెళ్లి కాలేదు. ఇక్కడ దాన్ని డీ ఫాక్టో అంటారు. కావాలంటే ప్రభుత్వం దగ్గర నమోదు కూడా చేసుకోవచ్చు. చేసుకున్నాం. తర్వాత ఇద్దరికీ మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ సీట్లు వచ్చి, అక్కడి టార్నీట్ పేటకి మారాం.

రాష్ట్రం మారాం కదా, డ్రైవింగ్ లైసెన్స్ మార్చుకోవాల్సి వచ్చింది. ఆ క్యూలో నిలబడి ఉండగా నా బుర్ర పనిచేసింది. అది పనిచేసిన ప్రతిసారీ ఇంట్లో ఏదో ఒకటి పగులుతుంది. లైసెన్సే చెల్లనప్పుడు మా బంధం మాత్రం ఎలా చెల్లుతుంది? అంటే సరిహద్దు దాటిన క్షణం నుంచీ మేమిద్దరం ఒట్టి రూమ్మేట్లమా?

గ్రేస్‌కి పరీక్షలు. పాపం, కంగారు పెట్టకుండా నేనే చక్కబెడదామనుకున్నాను. మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా రాష్ట్రం ఫారం తెరిస్తే, ఇప్పటికే నమోదైన బంధంలో ఉన్నవాళ్లు అనర్హులని ఉంది. అయితే పాతది రద్దు చేయించి కొత్తది రాయించుకోవాలి! రద్దు ఫారం నింపి సిడ్నీ ఆఫీసుకి పంపాను. ఒక్కరే అడిగితే రెండోవాళ్లకి నోటీసు అందజేయాలట. రూలు రూలే. రిజిస్టర్డ్ పోస్టు చేసేసి, ఆ సంగతే మర్చిపోయాను.

మూడో రోజు తలుపు దగ్గర సంతకం పెట్టి కవరు తీసుకుంది గ్రేస్.

"ఏంటిది?"

"ట్రాన్స్‌ఫర్."

"రద్దు అని రాసుంది!"

"ముందు రద్దు, తర్వాత ట్రాన్స్‌ఫర్..."

"నన్ను వదిలించుకోడానికి పోస్టాఫీసు దాకా వెళ్లావా? నోరు లేదా నీకు?"

పొయ్యి మీద పప్పు మాడిపోతున్నా మేమిద్దరం కదల్లేదు.

మర్నాడు ఇద్దరం యూనివర్సిటీలో ఉచిత సలహా ఇచ్చే లాయరమ్మ ముందు కూర్చున్నాం. ఆవిడ కాగితాలు చూసి, కళ్లజోడు తీసి, నావంక చాలాసేపు జాలిగా చూసింది.

"సిడ్నీలో నమోదైన బంధం ఇక్కడా చెల్లుతుంది బాబూ. మీరు ఏమీ చేయక్కర్లేదు. ఏమీ చేయకుండా ఉంటే చాలు."

"మరి రద్దు?" అన్నాను నేను.

"అది అమల్లోకి రావడానికి తొంభై రోజుల గడువుంది. ఈలోపు వెనక్కి తీసుకోవచ్చు."

"తీసుకోడు మేడమ్, ఇతనికి రూల్సంటే ప్రాణం!" అంది గ్రేస్.

"నీ పరీక్షలు పాడవకూడదనే కదే చేశాను!"

"పప్పు కూడా మాడ్చావు!"

"పొయ్యి మీద పెట్టింది నువ్వు!"

లాయరమ్మ చెయ్యెత్తి ఆపింది. "మీకు ఏ రాష్ట్రంలోనూ వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఇలాగే ఓ ఐదు నిమిషాలు మాట్లాడండి, ఎవరైనా నమ్ముతారు."

గ్రేస్ ముందు పెదవి బిగించింది, తర్వాత ఫక్కుమంది. నేను అక్కడే, ఆవిడ పెన్నుతోనే ఉపసంహరణ ఫారం మీద సంతకం పెట్టాను. కుడిచెయ్యి ఎత్తి ప్రమాణం కూడా చేశాను: ఇకమీదట రాష్ట్రం కాదు, దేశం మారినా, గ్రేస్ చదివి సరేనంటే తప్ప లైబ్రరీ కార్డు ఫారం కూడా నింపను.