షట్టరు వెనక కోళ్లు

నేను మాంసం మానేసినదాన్ని కాను. ముందే చెప్తున్నాను, ఎందుకంటే తార్నాకలో జరిగిన ఆ గొడవ సంగతి ఎత్తగానే "మీరు శాకాహారులా?" అని అడుగుతారు జనం. కోడికూరంటే నాకు ప్రాణం. అయితే ఏంటట?

తెలంగాణ ఉద్యమం ఊపు మీదున్న రోజులవి. క్యాంపస్‌లో రీసెర్చ్ చేస్తూ, హాస్టల్ ఆడపిల్లలను కూడగట్టి ఊరేగింపులకు తీసుకెళ్లేదాన్ని. ఎండాకాలంలో ఉన్నట్టుండి రెండు రోజుల బంద్ పిలుపు వచ్చింది. తార్నాకలో షట్టర్లన్నీ దిగాయో లేదో చూసే పని మా గుంపుది.

రెండో రోజు మధ్యాహ్నం ఒక చికెన్ సెంటర్ ముందు దాని యజమాని బకెట్ పట్టుకుని నిలబడి ఉన్నాడు. గుంటూరు వైపు నుంచి వచ్చి స్థిరపడిన మనిషి.

"అమ్మా, ఆదివారం కోసమని కోళ్లు దింపుకున్నాను. నిన్న మీవాళ్లు వచ్చి అప్పటికప్పుడు మూయించేశారు. లోపల నీళ్లయిపోయుంటాయి. ఒక్కసారి ఎత్తనివ్వండి, పెట్టేసి దించేస్తాను" అన్నాడు.

మా గుంపు నాయకుడు, లా చదివేవాడు, అడ్డం నిలబడ్డాడు. "షట్టర్ లేస్తే బంద్ ఫెయిలైందని టీవీల చూపిస్తరు. అయినా రేపు కోసేటియే గద అక్కా, వాటికి నీళ్లేంది?"

అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. మా ఇంట్లో కోడిని కోసేముందు అమ్మ దాని నోట్లో నీళ్లు పోసేది. అది గుటక వేశాకే కత్తి.

"కోసేటియి గాబట్టే నీళ్లు. మీ ఇంట్ల తాపకుండనే కోస్తరా?"

"గాయన ఆంధ్రాయన అక్కా. నువ్వు గిట్ల మాట్లాడితే మనోళ్లేమనుకుంటరు?"

"కోళ్లు గూడ ఆంధ్రయేనా? మా నీళ్లు మాగ్గావాలె అని పొద్దంత ఒర్లుతున్నం. గొంతెండినదానికి బొట్టు నీళ్లియ్యకుంట ఏం తెలంగాణ తెస్తవు?"

అతను కదల్లేదు. అతని పక్కనుంచి దూరి, యజమానితో తాళం తీయించి, నేనే వంగి షట్టరు పైకి లాగాను.

లోపలి వేడి, కంపు మొహాన కొట్టాయి. కోళ్లు ముక్కులు తెరిచి రొప్పుతున్నాయి. కింది బోనులో కొన్ని చచ్చిపోయి ఉంటే, వాటి మీదే మిగతావి నిలబడి ఉన్నాయి. యజమాని నీళ్లు పోస్తుంటే అతన్నీ వదల్లేదు. "రెక్క కదిలే జాగ లేదు, ఇన్ని కుక్కితే ఎట్ల అన్నా? నువ్వేం తక్కువ తినలే." అతను తల దించుకుని చచ్చినవాటిని సంచిలోకి తీశాడు. మిగిలినవన్నీ తాగేదాకా నేను గుమ్మంలో కూర్చున్నాను, షట్టరు ఎవరు దించుతారో చూద్దామని.

ఆ సాయంత్రం హాస్టల్ ముందు మీటింగ్ పెట్టారు. బంద్‌ను చెడగొట్టానట, ఆంధ్రా వ్యాపారిని వెనకేసుకొచ్చానట. అందరి ముందూ తప్పయిందని చెబితేనే రేపు ఊరేగింపులోకి రానిస్తారట. లాఠీ దెబ్బలు తిని నిలబెట్టుకున్న ఉద్యమం అది, నాది కూడా. దూరం చేస్తారేమోనని భయం వేసిన మాట నిజమే. అయినా లేచాను.

"చెప్త. గా సచ్చి సంచిలకు పోయిన కోళ్లున్నయి గద, ముందుగాల వాటికి మీరు చెప్పుండ్రి. ఎనుక నేను చెప్త."

మర్నాడు ఎవరూ పిలవకపోయినా వెళ్లి, ముందు వరుసలోనే నడిచాను.