గోడలోకి జరిగే తలుపు

మా తాత సాంబయ్య భూపాలపల్లి బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు టింబర్‌మన్‌గా చేశాడు. తవ్విన చోట కప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం ఆయన పని. రెండేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడికాలు పడిపోయింది. నోటికి మాత్రం ఇంకా రిటైర్మెంటు రాలేదు.

నిరుడు కొత్త ఇల్లు మొదలుపెట్టాం. తాత అడిగింది ఒక్కటే: బాత్రూంలోకి చక్రాల కుర్చీలో తానే పోవాలి, తలుపు తానే వేసుకోవాలి. తలుపు లోపలికి తెరుచుకుంటే కుర్చీకి అడ్డం, బయటికి తెరుచుకుంటే నడవాకు అడ్డం. అందుకని పక్కకు జరిగి గోడలోకి దూరే తలుపు కావాలన్నాడు.

"పరదా కట్టుకుంటే అయిపాయె గద బాపు," అన్నాడు మా నాయిన.

"నువ్వు కట్టుకోని కూసో. నేను బయట కూసొని ముచ్చట పెడ్త."

ఇంజనీరు వీరేందర్ ప్లాను గీసి తెచ్చాడు. ఎనిమిదో తరగతితోనే బడికి దండం పెట్టిన నాకు అందులో అన్నీ గీతలే. తాత తన మందుగోళీల డబ్బా అట్టను ప్లానులోని తలుపు కొలతకు నాతో కత్తిరింపజేశాడు. ఆ ముక్కను ప్లాను మీద పెట్టి గోడలోకి జరిపాడు. అది పోయి స్విచ్చుబోర్డు మీద ఆగింది.

"తలుపు దూరే కాడ బోర్డు పెడ్తివి. తలుపుకు మూడడుగులు, అది దాగే సందుకు ఇంకో మూడు. మరి మీది బరువు మోసే లింటెల్ మూడడుగులే గీస్తివేంది?"

"సందు మీద గోడుంటది గద తాతా," అన్నాడు వీరేందర్.

"ఆ గోడ దేని మీద నిలవడ్తది? నీ గీత మీదనా?"

"పని కాడ సర్దుకుందాం తియ్యి."

"బాయిల గూడ గిట్లనే అన్నరు. నేను సర్దుకోలే. గందుకే బతికిన."

మర్నాడు మేస్త్రీ ఇటుక పట్టేలోపే, ఆ గోడకు గీసిన సున్నపు గీత మీదికి తాత కుర్చీ తోయించుకుని బ్రేకు వేసుకున్నాడు. తోసింది నేనే. కొత్త ప్లాను వచ్చేదాకా కదలనన్నాడు. వీరేందర్ వచ్చి బతిమిలాడాడు. ఈలోపు నేను తాతకు మూడుసార్లు చాయ్ పోశాను. కాసేపటికి దాని ఫలితం కనబడింది.

నాయిన కుర్చీ పట్టుకోబోయాడు.

"నువ్వాగు," అన్నాడు తాత. "వీరేందర్ తీస్కపోతడు."

పక్కనే మేముండే కిరాయి ఇల్లు. దాని బాత్రూం గడపలో కుర్చీ ఇరుక్కుంది. వీరేందరే తాతను చంకల కింద పట్టి లేపి లోపల కూర్చోబెట్టాడు. కుర్చీ అడ్డముండి తలుపు పడలేదు. అతను మొహం గోడవైపు తిప్పుకుని నిలబడ్డాడు. లోపలి మాటలు వరండాలో ఉన్న నాకు వినబడుతూనే ఉన్నాయి.

"లింటెల్ ఎంత పొడుగు గీస్తున్నవ్ బిడ్డా?" తాత తాపీగా అడిగాడు.

"ఆరడుగులు తాతా."

"ఇటో ఆరించులు, అటో ఆరించులు గోడ మీద కూసోవద్దా?"

"ఏడడుగులు గీస్త తాతా. జర జల్ది కానియ్యి."

బయటికొచ్చాక వీరేందర్ ఇటుకల కుప్ప మీద కూర్చుని ప్లాను దిద్దాడు. లింటెల్ ఏడడుగులైంది, స్విచ్చుబోర్డు ఎదుటి గోడకు పోయింది, సందులో ఇనుప చట్రం వచ్చింది. తేదీ వేసి సంతకం పెట్టాడు. తాత కళ్లద్దాలు తుడుచుకుని మొత్తం చూశాడు.

"లోపలి దిక్కు గడియ గియ్యలే."

"గడియ ప్లానుల గియ్యరు తాతా."

"గియ్యి. నాకు గావాల్సిందే గా గడియ."