బండ వీడియో ఉంటది, పోదు

కూసో బిడ్డా. గట్ల సగం కూసునుడు కాదు, సక్కగ కూసోని విను. నేను చెప్పింది చెప్పినట్టే రాయి, బడి తెలుగులకు మార్చకు. మార్చినవంటే నువ్వు గూడ మీ నాయిన లెక్కనే అయితవు.

మీ నాయిన ఏమన్నడు? "అమ్మా, ఆ వీడియో డిలీట్ చేపియ్యి, కంపెనీల నా ఇజ్జత్ పోతుంది" అన్నడు. నేను చేపియ్య అన్న. గప్పటి సంది నాతోని మాట బందు. మాట్లాడకుంటే మాట్లాడకపాయె. ఎందుకు చేపియ్యనో చెప్త, రాసుకో.

ఆ దినం పొయ్యి మీద పప్పు ఉడుకుతుంది, సగంల మంట ఆరిపాయె. గ్యాసు అయిపోయింది. మనం సిలిండర్‌ను బండ అంటం గద, మన ఊరు ఇంద్రేశంల ఎవలనడిగినా బండే అంటరు. నేను ఉరుకుకుంట మన ఎన్క రూముల కిరాయికున్న బీహారు పిల్ల దగ్గరికి పోయిన. ఆమె పెనిమిటి కంపెనీల లోడింగ్ పనికి పోతడు. ఆ పిల్లకు తెలుగు రాదు. నాకు హిందీ వస్తదని నాకు మస్తు ధైర్యం. నువ్వు నా ఎన్కనే ఫోను పట్టుకోని వీడియో తీసుకుంట వస్తున్నవు.

"బేటీ, మేరా బండ ఖతం హోగయా. తుమారా బండ జెరా దేవ్" అన్న.

ఆ పిల్ల నోరు తెరిచింది. "క్యా, అమ్మాజీ?"

ఇనవడలేదేమో అని ఇంకింత గట్టిగ అన్న: "తుమారా బండ! కల్ వాపస్ దేతూ. భారీ హైతో క్యా హువా, కమర్ పే రఖ్కే లేకే జాతూ!"

ఇగ ఆ పిల్ల నవ్వుడు షురూ చేసింది సూడు, గడప మీదనే కూలవడ్డది. లోపట్నుంచి ఆమె పెనిమిటి బనీను మీద బయటికొచ్చి నిలవడ్డడు. ఆమె కండ్లు తుడుసుకుంట ఆయన్ను నా దిక్కు నూకింది. "యే లో అమ్మాజీ, లేజావ్!" ఇగో, తీస్కపో అని.

అప్పుడు నువ్వే చెప్తివి నాకు, హిందీల బందా అంటే మనిషి, మొగోడు అని. నేనేమన్ననట్టు? నా మొగోడు అయిపోయిండు, నీ మొగోన్ని జెర ఇయ్యి, రేపు వాపసు ఇస్త, బరువున్నా సరే నడుము మీద పెట్టుకోని తీస్కపోత అన్ననట్టు. నాకు గూడ నవ్వాగలే. పప్పు ఉడకకుంట పప్పు లెక్కనే ఉండె ఆ పూట.

నువ్వు ఆ వీడియోను అందరు సూసేటట్టు ఫోన్ల పెట్టినవు. "నాయినమ్మా, పెట్టాల్నా?" అని అడిగినవు, పెట్టుమన్న. గది గూడ రాయి, మళ్ల పిల్ల మీదికి తోస్తరు. పటాన్‌చెరు సంతల కూరగాయలామె గూడ నన్ను గుర్తువట్టింది. కంపెనీ క్యాంటీన్ల మీ నాయిన్ను పట్టుకున్నరట, "అన్నా, మీ అమ్మకు బండ దొరికిందా?" అని. ఇంటికొచ్చి హెల్మెట్ ఇసిరి కొట్టిండు.

"నాయిన పోయినంక ఇవేం మాటలమ్మా? నలుగురు నవ్వుతున్నరు!"

"నవ్వనియ్యి రా. ఏడుస్తలేరు గద?"

"నిన్ను సూసి నవ్వుతున్నరే!"

"నన్ను సూసే గద. నా వీడియో సూసి పక్కింటామెను మెచ్చుకుంటే అప్పుడు నాకు రోషమొస్తది."

మీ నాయిన "నాయిన పోయినంక, నాయిన పోయినంక" అంటడు గని, వాళ్ల నాయిన ఎసొంటోడో మరిచినట్టున్నడు. మీ తాత రంగుల కంపెనీల చేసేటోడు. ఇంటికొస్తే చేతులు పచ్చగ, కండ్లు ఎర్రగ ఉండేటియి. దినమంత సూపర్వైజర్ తిట్లు. ఆడ నోరిప్పొద్దు. ఇంటికొచ్చినంక నా కొంగు మెడల టై లెక్క కట్టుకోని, పొట్ట ముందల వెట్టి, "ఏయ్ మ్యాన్! వాట్ మ్యాన్!" అనుకుంట వాకిట్ల తిరిగేటోడు. ఆయన మీది రంగుల వాసనకు తలకాయ నొస్తుందన్నోళ్లంత వచ్చి పొట్ట పట్టుకోని నవ్వేటోళ్లు. గా సూపర్వైజర్‌ను ఆడ ఒక్క మాట అనరాదు, ఈడ ఉతికి ఆరేసేటోడు. ఎవడాపుతడు?

అప్పుడు ఫోన్లు లేకుండె. ఇప్పుడేమున్నది మీ తాతది? గోడ మీద ఒక్క ఫోటో. కంపెనీ కార్డు ఫోటో పెద్దగ చేపిచ్చిన్రు, తిట్లు తింటున్నట్టే నిలవడ్డడు అండ్ల. నువ్వు సూసి అడగలేదా, "తాత కోపిష్టోడా నాయినమ్మా?" అని? నాకెంత మండిందో! ఆయన నవ్విచ్చింది ఒక్కటి గూడ నీకు సూపెట్టలేకపోతి.

పని లేనోళ్లు తీస్తరట వీడియోలు, మీ నాయిన అంటడు. ఎవలు పని లేనోళ్లు? డ్యూటీ దిగి, బస్సుల నిలవడి, బువ్వ తినెటందుకు గూడ ఓపిక లేనోళ్లు సూస్తున్నరు, పక్కోనికి పంపుతున్నరు. నవ్వు ఒక్కనితోని అయితదా? పక్కోనికి సూపెట్టకుంటే కడుపుల ఆగదు.

ఇంకోటి రాయి, ఇది అసలుది. ఆ బీహారు పిల్ల ఆ వీడియో వాళ్లమ్మకు పంపింది. ఈడికొచ్చిన కాడికెళ్లి ఈ పిల్ల ఎప్పుడు ఫోన్ చేసినా ఏడ్సుడేనట, వాళ్లమ్మకు బిడ్డ మీదనే రంది. ఇప్పుడు ఆ తల్లి వాళ్ల ఊర్లె మల్ల మల్ల అదే పెట్టుకోని సూస్తదట. నా మాటలకు కాదు. గడప మీద కూలవడి నవ్వుతుంది గద, ఆ బిడ్డను సూసుకుంటది. మీ నాయినకు ఇజ్జత్ పోతుందని ఆ తల్లి కాడ గది గుంజుకోవాల్నా? నేను గుంజుకోను. ఇంట్ల మాట్లాడకుంటే మానె, ఆ పిల్లతోని హిందీల మాట్లాడుకుంట.

ఇగ ఇది గూడ రాసుకో. ఇంకోటి తీద్దాం. ఈపాలి తెలిసే తీద్దాం. మీ తాత నడిచినట్టు నేను నడుస్త, నువ్వు ఫోను సక్కగ పట్టు, పోయినసారి నా తలకాయ సగమే వచ్చింది. నన్ను సూసి నవ్వేటోళ్లు...

"అమ్మా! బువ్వ పెట్టిన్రు, రా!"

ఎవలది? మీ నాయిననేనా? నన్నేనా పిలిచింది?

"నిన్నే! సల్లారిపోతుంది, జల్దీ రా!"

వస్తున్న రా! నువ్వు నేను గెలిచిన అని రాయకు బిడ్డా, మల్ల అలుగుతడు. ఆయన పిలిచిండని రాయి, సాలు. గని బువ్వ తినవెట్టి ఆ వీడియో తీసెయ్యుమంటే మాత్రం నేను తీసెయ్యనియ్య, గది గూడ రాయి.