డిసెంబర్ నుంచి వెనక్కి

కోచ్ ఆంటీ పోయిందన్న కబురు మంగళవారం పొద్దున, నేను ఆఫీస్ కాల్‌లో ఉండగా తెలిసింది. పాత టీమ్ పిల్లల గ్రూప్‌లో చూసిందట, కాలేజీ నుంచి మా అమ్మాయి ఫోన్ చేసి, "అమ్మా, కోచ్ ఆంటీ చనిపోయింది. స్లీప్‌లోనే అంట" అంది. నేను ఆఫీస్ కాల్ కట్ చేసేశాను.

అమెరికాలో మేముండే కాపెల్‌లో అయిదేళ్లు మా ఎదురింట్లో ఉంది ఆమె. సొంత ఊరు మెల్‌బోర్న్. ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్ ఆడిన మనిషి. ఆ ఆటలో కోడిగుడ్డు ఆకారపు బంతిని చేత్తో పట్టొచ్చు, కాలితో తన్నొచ్చు, బంతి ఉన్నవాళ్లని పట్టి పడేయొచ్చు. తలకి హెల్మెట్ ఉండదు. ఆడవాళ్లకి జీతమిచ్చే లీగ్ మొదలయ్యేసరికి ఆమెకి ముప్ఫై దాటాయి. పంక్తి లేచే వేళకి విస్తరి అందినట్టు. పగలు ఫిజియోథెరపిస్ట్ ఉద్యోగం, సాయంత్రం ప్రాక్టీసు. ఆడింది నాలుగే సీజన్లు.

ఇక్కడ శనివారాలు, మన క్రికెట్ అంకుల్స్ దిగకముందే వాళ్ల గ్రౌండ్‌లో ఆడపిల్లలకి ఆ ఆట నేర్పేది. ఆంటీ అంటే చుట్టరికమా అని మొదట్లో ఆశ్చర్యపోయింది గానీ, తర్వాత తన నోట్‌బుక్ మీద అదే పేరు రాసుకుంది. ఎప్పుడూ నల్లకళ్లద్దాలు పెట్టుకునేది. స్టైల్ అనుకున్నాం. వెలుతురు పడదని తర్వాత తెలిసింది. "పడితే పడ్డానని చెప్పండి. ఆట ఎక్కడికీ పోదు" అనేది పిల్లలతో.

సీజన్ మొదట్లో ఒక్కొక్కరితో నెలల పేర్లు డిసెంబర్ నుంచి వెనక్కి చెప్పించి, ఎక్కడ ఆగారో రాసుకునేది. తలకి దెబ్బ తగిలితే మళ్లీ అదే అడిగి పోల్చుకునేది.

ఇక నా ఘనకార్యం. మా అమ్మాయి ఎలెవెన్త్ గ్రేడ్‌లో ఉండగా, టోర్నమెంట్‌కి రెండు రోజుల ముందు తలకి దెబ్బ తగిలించుకుంది. కాలేజీ అప్లికేషన్‌లో రాసుకోవడానికి ఆ టోర్నమెంట్ నాకు కావాలి. "రేపు ఆంటీ టెస్ట్ చేస్తుంది" అంది పిల్ల కణతలు నొక్కుకుంటూ. టెస్ట్ అంటే మనకి తెలిసింది ఒకటే. వంట చేస్తూ ఇరవైసార్లు నెలలు వెనక్కి చెప్పించాను, పొద్దున కార్‌లో మళ్లీ చెప్పించాను. ఎంసెట్‌కి మా నాన్న నాకు ఫార్ములాలు బట్టీ వేయించినట్టే.

పిల్ల గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. కోచ్ ఆంటీ నోట్‌బుక్ చూసింది.

"మొదటిసారి రెండుచోట్ల ఆగావు. దెబ్బ తగిలి బాగుపడ్డావా?" అని నా వైపు తిరిగింది. "నువ్వేనా?"

"చిన్న బంపే కదా" అన్నాను.

"వంద నుంచి ఏడేసి తగ్గించు" అంది పిల్లతో. మ్యాథ్స్‌లో ఎప్పుడూ ఫస్టొచ్చే పిల్ల, తొంభైమూడు దగ్గర ఏడ్చేసింది.

కోచ్ ఆంటీ పిల్లని ఆడనివ్వలేదు, టోర్నమెంట్ పోయింది. నెల రోజులు నేను ఆమెతో మాట్లాడలేదు. తప్పూ నాదే, అలకా నాదే. చివరికి తనే వచ్చి మా మెట్ల మీద కూర్చుంది.

"నేను నీకన్నా తెలివైనదాన్ని. నేనాడే రోజుల్లో సీజన్ మొదట్లోనే కావాలని తప్పులు చెప్పేదాన్ని. దెబ్బ తగిలాక వచ్చే తప్పులు వాటిలో కలిసిపోయేవి. అన్నేళ్లు ఎదురుచూసిన ఆట. ఒక్క మ్యాచ్ కూడా వదలబుద్ధి కాలేదు."

ఆ తర్వాత ఆమె తలనొప్పులు, ఆపడం మరిచిన స్టవ్, గుర్తురాని పేర్లు నా కళ్లముందే పెరిగాయి. ఆట వల్లేనని ఏ డాక్టరూ తేల్చి చెప్పలేదు. మళ్లీ అవకాశమొస్తే ఆడతావా అని అడిగితే, "ఆడతాను" అంది వెంటనే. అది నాకిప్పటికీ మింగుడుపడదు.

నిరుడు డ్రైవింగ్ మానేసింది. డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లేదాన్ని. ఆ దారిలో క్షమించమని అడగాలని ఎన్నిసార్లు అనుకున్నానో. అడగలేదు.

సెలవులకొచ్చిన మా అమ్మాయి ఒకసారి తోడొచ్చింది. కోచ్ ఆంటీని నెలలు వెనక్కి చెప్పమంది డాక్టరమ్మ.

"డిసెంబర్, నవంబర్, అక్టోబర్..."

ఆగిపోయింది. కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకుంది. మా అమ్మాయి పెదవులు చప్పుడు లేకుండా సెప్టెంబర్ అని కదిలాయి. నా నోట్లోనూ అదే మాట ఉంది. కోచ్ ఆంటీ మా వైపు చూడకుండానే చెయ్యెత్తింది.

"అందించొద్దు. ఎక్కడ ఆగానో రాసుకోనివ్వండి."

డాక్టరమ్మ రాసుకుంది. కోచ్ ఆంటీ చెయ్యి మాత్రం దించలేదు.