కొండ దారికి ఇద్దరు కావాలి

ఆ ఇంట్లో టీ కావాలన్నా స్టేషన్ రావాలి. కళ్ళద్దాల వర్క్‌షాపులో పగలంతా అద్దాలు సానపట్టి, మూడంతస్తుల మెట్లెక్కి వచ్చిన చెల్లెలు చెప్పులు విడిచేలోగా అన్నయ్య కంప్యూటర్ ముందుకి చక్రాల కుర్చీ జరుపుకునేవాడు. ఆయన డ్రైవరు, ఆమె బొగ్గు వేసే ఫైర్‌మన్. తెర మీద రైలాటలో ఆవిరి ఇంజను కదిలిందంటే ఇక చుట్టాలొచ్చినా, పక్కింట్లో దొంగలు పడ్డా, ఫోను మోగి మోగి అలిసిపోయినా, పలకడాలన్నీ బండి ఆగాకే.

అన్నయ్య ఒకప్పుడు నిజంగానే డ్రైవరు. సిటీ బస్సు నడిపేవాడు. వెన్నుపూస దెబ్బతిని కాళ్ళు పడిపోయాక ఆ ఇంట్లోనే ఉండిపోయాడు. బిల్డింగుకి లిఫ్టు లేదు. ఇద్దరు మనుషులు కుర్చీతో సహా మోస్తే తప్ప కిందికి దిగలేడు, మోయించుకోవడానికి ఆయన అభిమానం ఒప్పుకోదు. ఆస్పత్రికి తప్ప గడప దాటి ఎన్నేళ్ళయిందో ఇద్దరూ లెక్కపెట్టడం మానేశారు. వంట తనే చేస్తాడు, స్నానం తనే చేస్తాడు. కూరగాయలకి కిటికీలోంచి బుట్ట వదిలితే కిందింటి పిన్ని నింపి పంపుతుంది. ఎవరి మీదా ఆధారపడనని పదిమందికీ గొప్పగా చెప్పుకుంటాడు. ఒక్క రైలు దగ్గరే చెల్లెలు కావాలి.

ఆ ఆట తీరు అలాంటిది మరి. వేగం, బ్రేకు, సిగ్నళ్ళు డ్రైవరు చూసుకుంటాడు. పొయ్యిలో బొగ్గు వేయడం, బాయిలర్లోకి నీళ్ళు వదలడం ఫైర్‌మన్ పని. దానికి వేరే కీబోర్డు. ఆ పని కంప్యూటరుకే అప్పగించే వీలుంది కానీ, అన్నయ్య దృష్టిలో అది దొంగాట. చదును నేల మీద బొగ్గు కాస్త ముందూ వెనకా అయినా పర్లేదు. కొండ ఎక్కేటప్పుడు మాత్రం చెయ్యి ఆగితే ఆవిరి పడిపోతుంది, బండి నిలబడిపోతుంది.

"కొండ దారికి ఇద్దరు కావాలి బుజ్జీ. ఒక్కడి వల్ల కాదు" అని రోజుకోసారైనా అనేవాడు. మొదట్లో ఆ మాట వింటే ఆమెకి గర్వంగా ఉండేది. ఈమధ్య వింటుంటే ఎవరో బయట గొళ్ళెం పెట్టినట్టుంటోంది.

దానికి కారణముంది. వర్క్‌షాపు యజమాని వేరే ఊళ్ళో కొత్త శాఖ పెడుతూ, దాన్ని చూసుకోమని ఆమెనే అడిగాడు. "ఈ వారంలో ఏదో ఒకటి చెప్పమ్మా. కాదంటే ఇంకొకర్ని చూసుకోవాలి" అన్నాడు. పని గదికి పెద్ద కిటికీ ఉందట. పైన ఉండటానికి వేరే గది, దానికి విడిగా తాళం. నలభైకి దగ్గరపడుతున్న ఆ మనిషికి తనదంటూ ఒక తాళంచెవి ఎప్పుడూ లేదు. ఇంటికి నడుస్తున్నంతసేపూ సంతోషంతో ఏడుపొచ్చినంత పనైంది. ఇంట్లో అడుగుపెట్టగానే ఆ సంతోషం గొంతులోనే ఉండిపోయింది.

చెబుదామని చూడకపోలేదు. నోరు తెరిచేసరికి బండి వంతెన మీద ఉండేది. స్టేషన్ వచ్చేసరికి టీ పెట్టాలి. టీ తెచ్చేసరికి గార్డు జెండా ఊపేవాడు. ఒకసారి బండి ఆగి ఉండగానే "అన్నయ్యా, ఒక మాట" అంది కూడా. ఆయన కుర్చీ తిప్పి నిండుగా ఆమె వైపు చూశాడు. ఆ చూపుకి ఆమె నీళ్ళు నమిలి, పంచదార సరిపోయిందా అని అడిగింది.

ఇంతలో కంప్యూటర్లో చోటు చాల్లేదు. ఆటకి కొత్త వెర్షన్ వచ్చింది, పాత దారులు చాలావరకు తీసేస్తే గానీ అది ఎక్కదు. "మూడు దారులే ఉంచుదాం. నువ్వే ఎంచు బుజ్జీ" అన్నాడు అన్నయ్య. "చూడ్డానికి బాగుందని కాదు. చేతికి పని ఉండాలి. తెల్లారి లేస్తే మళ్ళీ నడపాలనిపించాలి. అదీ మంచి దారంటే."

ఆమె ఆ పని మహా శ్రద్ధగా చేసింది. ఆయన పడుకున్నాక కాదు, ఆయన ఎదురుగానే ఒక్కో దారీ నడిపించి చూసింది. సముద్రం పక్కన పోయే దారి నచ్చింది. ఎక్కడా ఎత్తు లేదు. పొలాల మధ్య పాలక్యాన్లు ఎక్కించుకుంటూ పోయే చిన్న లైను నచ్చింది. ప్రతి ఊళ్ళో ఆగుతుంది కాబట్టి పొయ్యి చూసుకోవడానికి బోలెడు తీరిక. నది ఒడ్డు దారి కూడా అంతే, బల్లపరుపు. కొండ దారిని మాత్రం తీసేసే వాటిలో పడేసింది. అన్నయ్య ఒక్కడూ ఏ దారిలో నెగ్గుకురాగలడో అదే ఆమెకి మంచి దారి. పైకి మాత్రం "దృశ్యాలు బాగున్నాయి" అంటూ వచ్చింది.

తన జాబితా నోటితో చెప్పాల్సిన రోజునే వర్క్‌షాపులో సానమిషను పాడై, మధ్యాహ్నమే అందరినీ ఇళ్ళకి పంపేశారు. మెట్లెక్కుతుంటే పై అంతస్తు నుంచి కూత వినిపించింది. ఆ కూత ఆమెకి తెలుసు. కొండ దారిలో సొరంగం ముందు వేసే కూత.

తలుపు ఓరగా ఉంది. అన్నయ్య వీపు ఇటువైపు. కుడి చెయ్యి తన కీబోర్డు మీద, ఎడమ చెయ్యి ఆమె కీబోర్డు మీద. అటు చూడను కూడా చూడకుండా బొగ్గు వేస్తున్నాడు, నీళ్ళు వదులుతున్నాడు. ఆమె కంటే పొదుపుగా వేస్తున్నాడు. బండి సొరంగం దాటి, మలుపులు తిరిగి, ఆవిరి ఒక్క గీత తగ్గకుండా కొండ కొసకెక్కి ఆగింది. ఆయన మళ్ళీ కూత వేసి, బల్లని మెల్లగా తట్టాడు.

ఎంత బాగా ఎక్కించాడని ముందు మురిసిపోయింది పిచ్చిమొహంది. తర్వాత ఒళ్ళు మండింది. ఇది నిన్న నేర్చుకున్న చెయ్యి కాదు. చప్పుడు చేయకుండా కిందికి దిగి, వీధులన్నీ తిరిగి, రోజూ వచ్చే వేళకే ఇంటికొచ్చింది.

"ఏం తేల్చారు ఫైర్‌మన్ గారూ?" అన్నాడు అన్నయ్య, కుర్చీ సర్దుకుంటూ.

"సముద్రం దారి, పాలబండి లైను. మూడోది కొండ దారి."

ఆయన మొహం విప్పారింది. "అదీ మాట. నీకు చెయ్యే కాదు, బుర్ర కూడా ఉంది."

"ఇవాళ నువ్వొక్కడివే నడుపు. నేను చూస్తాను."

"ఒక్కడి వల్ల కాదని తెలుసుగా."

"నడిపి చూడు."

ఆయన బండి కదిపాడు. ఎడమ చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు. పొయ్యిలో మొదట ఉన్న బొగ్గుతో కింది మలుపులు గడిచాయి. ఆ తర్వాత ఆవిరి ముల్లు కిందికి జారడం మొదలైంది. ఆయన దాన్ని చూస్తూనే ఉన్నాడు. ఒళ్ళో చెయ్యి కదల్లేదు. సొరంగంలోకి వెళ్ళాక చక్రాల చప్పుడు నెమ్మదించి, ఇక ఆగిపోయింది. తెర నల్లబడింది.

"చూశావా" అన్నాడు. ఆ గొంతులో నెగ్గిన ధీమా ఉంది.

అలవాటు కొద్దీ ఆమె వేలు బొగ్గు మీట మీదికి పోయింది. వెనక్కి లాక్కుని చేతులు కట్టుకుంది. తనని కదలనివ్వకుండా ఉంచడానికి ఈయన కొండ మీద ఓడిపోవడానికైనా సిద్ధపడ్డాడని ఆమెకి అప్పుడు అర్థమైంది.

"మధ్యాహ్నం ఎక్కించావు కదా అన్నయ్యా. తలుపు దగ్గర నిలబడి చూశాను."

ఆయన ఆగిపోయిన బండికే బ్రేకు వేశాడు.

"మా యజమాని కొత్త శాఖకి వెళ్ళమన్నాడు. వెళ్తానని రేపు చెప్తున్నాను."

అన్నయ్య కేకలేస్తాడనుకుంది. అబద్ధమాడతాడనుకుంది. రెంటికీ జవాబులు వీధుల్లో తిరుగుతూ సిద్ధం చేసుకుంది.

"ఎక్కించడం ఎప్పుడో వచ్చు" అన్నాడు ఆయన, తెర వైపే చూస్తూ. "ఎక్కించి పక్కకి తిరిగితే ఎవరూ ఉండరు. అదే."

ఆమెకి వెళ్ళనులే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ గది, ఆ నల్లటి తెర, ఆ కుర్చీ అన్నీ కలిసి ఆ మాట అనిపించేలాగే ఉన్నాయి. ఆమె ఆ మాటని పక్కకి నెట్టింది.

"ఎక్కించాక ఫోన్ చెయ్యి."

"నువ్వూ అక్కడ రైలు పెట్టుకుంటావుగా. బండి నడుస్తుండగా ఫోను ఎత్తకూడదు."

"అది ఈ ఇంటి రూలు" అంది చెల్లెలు. "నా ఇంట్లో ఎత్తుతాను."

అన్నయ్య చెయ్యి చాచి, ఆమె ముందున్న కీబోర్డును తన వైపుకి లాక్కున్నాడు.